గుంట తవ్వినవాడు

నాలుగు నెలలుగా పాస్టరు నతానియేలు నోట ఒక మాట మాత్రం రావడం లేదు.

ఆదివారం ఆరాధన ముగిశాక సంఘం వైపు రెండు చేతులూ చాపి "సమాధానంతో వెళ్ళండి" అని దీవించి పంపడం అలవాటు. చేతులు లేచేవి. గొంతు పెగిలేది కాదు. ఏదో చిన్న ప్రార్థన గొణిగి దిగిపోయేవాడు. జనం మొదట్లో జలుబు చేసిందనుకున్నారు. తర్వాత వాళ్ళకే అర్థమై, తలలు వంచుకుని బయటికి నడవడం నేర్చుకున్నారు.

చిత్రమేమిటంటే ఆ మాట మీదే అతనికి పేరొచ్చింది. చదువుకునే రోజుల్లో హెబ్రీ భాషలోని షాలోమ్ అనే పదం మీద అరవై పేజీల వ్యాసం రాశాడు. బైబిల్లో మనం సమాధానం, అంటే శాంతి, అని చదువుకునేది ఆ పదాన్నే. కొట్లాట లేకపోవడం కాదు, ఏ లోటూ లేకుండా నిండుగా ఉండటమే షాలోమ్ అని సభల్లో చెబుతుంటే పెద్ద పెద్ద పాస్టర్లు కూడా కాగితాల మీద రాసుకునేవాళ్ళు.

నవంబరులో ఒక పొద్దున అతను దైవాధీనం అయ్యగారి దగ్గరికి వెళ్ళాడు. అతనికి హెబ్రీ అక్షరాలు దిద్దించింది ఆయనే. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి, భార్య పోయింది, పట్నంలో రెండు గదుల ఇంట్లో ఒంటరిగా ఉంటాడు. శిష్యుడు వచ్చేసరికి వరండాలో కూర్చుని చేటలో బియ్యం ఏరుకుంటున్నాడు.

"అయ్యగారూ, నాకు సమాధానం లేదు," అన్నాడు నతానియేలు, కూర్చోకుండానే.

"కూర్చో. ఏం జరిగిందో చెప్పు."

నతానియేలు చెప్పాడు.

గంగిరేగులపాలెంలో అతని సంఘం కొత్త మందిరం కడుతోంది. అది నీళ్ళకు కటకటలాడే ఊరు. సిమెంటు పనికి ట్యాంకరు నీళ్ళు నిలవ చేసుకోవాలని మందిరం పక్కన నడుము లోతు గుంట తవ్వించి, అడుగునా చుట్టూతా నీలం ప్లాస్టిక్ పట్టా పరిపించాడు. జూలైలో ఒక మధ్యాహ్నం ఎదురింటి పిల్ల అందులో పడింది. ఆరేళ్ళ పిల్ల. పనివాళ్ళు అన్నాలకు వెళ్ళారు. వాళ్ళు తిరిగొచ్చేసరికి అంతా అయిపోయింది.

"పోలీసులు ప్రమాదం అని రాసుకున్నారు. వారం తర్వాత సంఘ పెద్దలు కూర్చున్నారు. పిల్ల తండ్రి బెంగళూరులో తాపీ పని చేస్తాడు. వచ్చి అందరి ముందూ నా చెయ్యి పట్టుకుని, మీ మీద మాకేం లేదయ్యగారూ అన్నాడు. ఇరు పక్షాలూ సమాధానపడ్డారని పెద్దలు పుస్తకంలో రాశారు. ఆయన మళ్ళీ పనిలోకి వెళ్ళిపోయాడు."

దైవాధీనం అయ్యగారు చేటలోంచి ఒక రాయి తీసి పక్కన పెట్టాడు.

"ఇంకోటి ఉంది. అది ఎవరికీ చెప్పలేదు," అన్నాడు నతానియేలు. "పిల్లలు తిరిగే చోటు, చుట్టూ కంచె కట్టిద్దామని మేస్త్రీ ముందే చెప్పాడు. రెండుసార్లు చెప్పాడు. ఆదివారం కానివ్వు, చూద్దాం అన్నాను నేను. పిల్ల శుక్రవారం పోయింది."

వరండా ముందు నుంచి ఆకుకూరల ఆమె కేక వేసుకుంటూ వెళ్ళింది.

"ఉపవాసాలున్నాను. మోకాళ్ళు కాయలు కాచాయి. దేవుడు క్షమించాడనే అందరూ అంటున్నారు. నేను కూడా వేరేవాళ్ళకైతే అదే చెబుతాను. కానీ లోపలేమీ కదలడం లేదు. మీరు ఒక మాట చెబితే..."

"తల్లిని చూశావా?"

"లేదు. ఆమె పెద్దల దగ్గరికి రాలేదు. ఆరాధనకీ రావడం లేదు."

"ఆమె ఇల్లెక్కడ?"

"గుంటకు ఎదురుగానే."

"గుంట ఎలా ఉంది?"

నతానియేలు తల దించుకున్నాడు. "అలాగే ఉంది. ఆ రోజు నుంచీ పని ఆపేశాం. నేను అటువైపు వెళ్ళలేకపోతున్నాను."

దైవాధీనం అయ్యగారు చేట లోపల పెట్టి వచ్చాడు. చెప్పులు వేసుకున్నాడు. పక్కింటి గోడ దగ్గరికి వెళ్ళి ఎవరినో పిలిచి పార అడిగి తెచ్చుకున్నాడు.

"బస్సు ఎన్నింటికి?"

"మీరెందుకయ్యగారూ? రేపు మనుషుల్ని పెట్టి పూడ్పిస్తాను."

"నాలుగు నెలల నుంచీ రేపే కదా. పద."

రెండు బస్సులు మారాలి. దారి పొడవునా నతానియేలు మాట్లాడుతూనే ఉన్నాడు. ఊరుకుంటే ఆ గుంట కళ్ళలో మెదులుతుందని భయం. ప్రవక్తల సంగతి ఎత్తాడు. గాయం కుళ్ళుతుంటే పైపైన కట్టు కట్టి, అంతా సమాధానమే అని చెప్పినవాళ్ళను దేవుడు తిట్టాడన్నాడు. తిరిగి లేచిన ప్రభువు, తలుపులు బిగించుకుని దాక్కున్న శిష్యుల మధ్యకు వచ్చి సమాధానం అన్నాడనీ, వెంటనే మేకుల గాయాలు చూపించాడనీ, ఆ రెండింటికీ పొత్తేమిటో తాను వ్యాసంలో పదకొండు పేజీలు రాశాననీ అన్నాడు. అయ్యగారు పారను కాళ్ళ మధ్య నిలబెట్టుకుని కిటికీలోంచి చూస్తున్నాడు. కాసేపటికి కళ్ళు మూతపడ్డాయి.

"షూనేము ఊరి స్త్రీ మాత్రం నాకు ఎప్పటికీ అర్థం కాదు," అన్నాడు నతానియేలు తనలో తను అనుకుంటున్నట్టు. "చనిపోయిన బిడ్డను మంచం మీద పడుకోబెట్టి ప్రవక్త కోసం బయల్దేరింది. దారిలో ఆ ప్రవక్త సేవకుడు ఎదురొచ్చి పిల్లవాడు బాగున్నాడా అంటే షాలోమ్ అంది. అంతా క్షేమమే అంది. ఎలా అనగలిగింది?"

అయ్యగారు కళ్ళు తెరవలేదు. "దారిన పోయేవాళ్ళు అడిగితే అంతే చెబుతారు," అన్నాడు.

ఊరు చేరేసరికి పన్నెండు దాటింది. కట్టి వదిలేసిన గోడల మీద మొండి ఇనుప చువ్వలు తుప్పు పట్టి ఉన్నాయి. గుంటలో వాననీళ్ళు, పైన పచ్చటి నాచు. ఎవరో నాలుగు కంపలు తెచ్చి పడేశారు. అవీ ఒక పక్కకి జారిపోయి ఉన్నాయి. అప్పుడు తవ్వి పోసిన మట్టి గట్టు మీదే కుప్పగా ఉంది, దాని మీద గడ్డి మొలిచింది.

అయ్యగారు పైకండువా తీసి చువ్వకు తగిలించి పార ఎత్తాడు. నాలుగు పారల మట్టి వేసేసరికి ఆయాసం వచ్చింది. ఐదోది వెయ్యబోతూ ఆగి పారను శిష్యుడికి ఇచ్చాడు.

"పట్టా అలా వదిలేస్తే కింద నీళ్ళు ఇంకవు. ముందు అది లాగెయ్యాలి," అన్నాడు.

నతానియేలు పంచె పైకి కట్టి గుంటలోకి దిగాడు. నీళ్ళు మోకాళ్ళ పైదాకా వచ్చాయి. పట్టా అంచు పట్టుకుని గట్టుకు కాలు తన్నిపెట్టి లాగబోయాడు. కాలు సర్రున జారింది. మళ్ళీ పెట్టాడు. మళ్ళీ జారింది. చేతులతో గట్టు పట్టుకోబోతే నాచు పట్టిన పట్టా మీద వేళ్ళు నిలవలేదు. నలభై ఏళ్ళవాడు, పొడగరి, మూడోసారికి ముందుకు పడి మోచేతుల మీద ఆగాడు.

అలాగే ఉండిపోయాడు. లేవలేదు. అయ్యగారు గట్టు మీంచి చూస్తూనే ఉన్నాడు. ఆయన చెయ్యి అందించలేదు. చాలాసేపటికి నతానియేలు తనంతట తనే లేచి, ఒక మూల పట్టా చీరి, అక్కడ మట్టిలో కాలు తన్నిపెట్టి దాన్ని లాగేశాడు.

మళ్ళీ పార పట్టాడు. పార మట్టిలో దిగే చప్పుడు, మట్టి నీళ్ళలో పడే చప్పుడు. అరచేతులు బొబ్బలెక్కి చిట్లాయి. ఎండ పడమటికి తిరిగింది. గుంట సగం పైగా నిండాక, ఎదురింటి తలుపు దగ్గర నిలబడి ఇందాకటి నుంచీ చూస్తున్న మనిషి రోడ్డు దాటి వచ్చింది. ముప్పై లోపు వయసు. తల దువ్వుకుని చాలా రోజులైనట్టుంది. ఆ పిల్ల తల్లి, సువార్తమ్మ.

"పూడుస్తున్నారా?" అంది.

"అవునమ్మా," అన్నాడు నతానియేలు. పార కింద పెట్టలేదు, ఎత్తలేదు.

"పొద్దున తలుపు తీస్తే ఇదే. పొయ్యి దగ్గర కూర్చున్నా ఇదే. ఎవరన్నా పూడుస్తారేమోనని చూశాను. నేనే రెండుసార్లు గంప తెచ్చుకున్నా. చేతులాడలేదు."

అతను ఆమె ముఖంలోకి చూడలేకపోయాడు. "నీకు ఒకటి చెప్పాలి తల్లీ. కంచె కట్టిద్దామని మేస్త్రీ ముందే..."

"తెలుసు. ఆ సాయంత్రమే ఏడ్చుకుంటూ వచ్చి చెప్పాడు."

నతానియేలు తలెత్తాడు. "తెలిసి కూడా పెద్దల ముందు ఎందుకు చెప్పలేదమ్మా?"

"నన్నెవరు పిలిచారు?"

అతను పార కింద పెట్టాడు. "నన్ను క్షమించమ్మా," అన్నాడు.

"క్షమిస్తే మీకు నిద్ర పడుతుందా?"

అతను చిట్లిన అరచేతులు పంచెకు తుడుచుకున్నాడు.

"నాకు పట్టదు," అంది సువార్తమ్మ. గొంతు పెంచలేదు. "సమాధానపడమ్మా, సమాధానపడమ్మా అని ఊరంతా చెప్పి వెళ్ళింది. ఎలా ఉన్నావంటే బాగానే ఉన్నానంటున్నా. దాని పేరు మాత్రం ఎవరూ ఎత్తరు. నా ముందు ఎత్తితే ఏడుస్తానని భయం. వాళ్ళ నాన్న ఫోన్లో కూడా ఎత్తడు. ఆరేళ్ళు బతికిన పిల్ల. ఇప్పుడు నాకొక్కదానికే ఉంది. నేను కూడా పోతే అసలు పుట్టనట్టే."

నతానియేలు గురువు వైపు చూశాడు. ఏదైనా చెప్పండి అని బతిమాలుతున్నట్టుంది ఆ చూపు. దైవాధీనం అయ్యగారు మట్టికుప్ప మీద కూర్చుని ఉన్నాడు.

"గుంట తవ్వినవాడి గురించి మోషే ధర్మశాస్త్రం ఏమంటుందో చెప్పు," అన్నాడు.

నతానియేలు చెప్పాడు. "ఒకడు గుంట తవ్వి మూత వెయ్యకుండా వదిలేసి, అందులో ఎద్దో గాడిదో పడి చస్తే, తవ్వినవాడు ఆ నష్టం పూర్తిగా..."

ఆగిపోయాడు. పూర్తిగా తీర్చడం అని అక్కడ రాసిన హెబ్రీ మాటా, షాలోమూ పుట్టింది ఒక్క ధాతువు నుంచే. అది అతనికి ఇరవై ఏళ్ళుగా తెలుసు. వ్యాసంలో దానికి ఒక్క వాక్యం కేటాయించాడు.

"తీర్చలేను అయ్యగారూ. ఇది ఎద్దు కాదు."

"తీర్చలేవు," అన్నాడు అయ్యగారు. "కానీ ఆజ్ఞ అక్కడితో అయిపోలేదు. చివరి ముక్క ఉంది."

నతానియేలు గుంట వైపు చూస్తూ చెప్పాడు.

"చచ్చినది తవ్వినవాడిదవుతుంది."

దైవాధీనం అయ్యగారు మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచాడు. చువ్వ మీది కండువా తీసి భుజాన వేసుకున్నాడు. సువార్తమ్మకు చేతులు జోడించాడు. శిష్యుడితో ఏమీ అనకుండా, పారను అక్కడే వదిలేసి బస్సు ఆగే చోటికి మెల్లగా నడిచి వెళ్ళిపోయాడు.

నతానియేలు మిగిలిన మట్టి వేశాడు. పైన కాలితో తొక్కి చదును చేశాడు. అతను ఇక వెళ్ళిపోతాడనుకుంది సువార్తమ్మ. అతను వెళ్ళలేదు. ఆమెకు కాస్త ఎడంగా, ఆ కొత్త మట్టి పక్కన నేల మీద కూర్చున్నాడు.

"హెప్సిబా," అన్నాడు. జూలై నుంచీ ఆ పేరు పలకడం అదే మొదటిసారి. "నాకు బాప్తిస్మం పుస్తకంలో రాసిన పేరొక్కటే తెలుసు. మిగతాదంతా చెప్పమ్మా."

సువార్తమ్మ ఏడవలేదు. అతన్ని కాసేపు పరాయివాణ్ణి చూసినట్టు చూసి, తనూ కూర్చుంది.

"ఎడమ చేత్తో తినేది," అంది. "కొట్టినా మానలేదు. కుడి చేతిలో పెడితే ఎడమ చేతిలోకి మార్చుకునేది. చెప్పులంటే పిచ్చి. ఎవరు వచ్చినా వాళ్ళ చెప్పులు తొడుక్కుని వాకిట్లో తిరిగేది. ఒకసారి మీవి కూడా తొడుక్కుంది. మీరు వెతుక్కున్నారు."

అతనికి గుర్తొచ్చింది. ఆ రోజు కసిరాడు.

ఆమె చెబుతూనే ఉంది. జ్వరాలు, అబద్ధాలు, బడి ఎగ్గొట్టిన రోజులు, చీకటంటే భయం. ఒక్కొక్కటీ అతని మీద పడుతోంది. వద్దని లేచిపోవాలనిపించింది. రెండు చేతులూ మట్టిలో ఆన్చి కదలకుండా విన్నాడు. కాస్తయినా తేలికపడలేదు.

పొద్దు వాలింది. ఆమె లేచి చీరకంటిన మట్టి దులుపుకుంది.

"రేపు వస్తారా?"

"వస్తానమ్మా."

"ఎన్నాళ్ళు వస్తారు?"

నతానియేలు కొత్త మట్టి వైపు చూశాడు. ఆ ఆజ్ఞ చివరి ముక్కకు ఎక్కడా గడువు రాసి లేదు.