ఓబులక్క కింద పడిన రోజు

అనగనగా ఒక పట్నం. పట్నానికి తూర్పున ఏరు, పడమట గోదా. జనం ఏటికి నీళ్ళ కోసం వెళ్ళేవారు, గోదాకు కుస్తీల కోసం వెళ్ళేవారు. స్నానం మానుకున్న రోజులున్నాయి గాని, కుస్తీ మానుకున్న రోజు లేదు.

ఆ గోదా యజమాని పేరు నాగరప్ప. మెత్తని మాట, మెత్తని చెప్పులు, ఎక్కడా కాయలు కాయని చేతులు. ఒక్కనాడూ మట్టిలో దిగి పట్టు పట్టిన మనిషి కాడు. అయినా ఆ మట్టిలో ఎవరు గెలవాలో, ఎవరు పడాలో చెప్పేది ఆయనే.

ఎలాగంటారా? కుస్తీ ఉన్న రోజు పొద్దున్నే మల్లులిద్దరికీ నాగరప్ప ఇంటి నుంచి చెరొక పొట్లం వచ్చేది. విప్పి చూస్తే తమలపాకు ఉన్నవాళ్ళు గెలవాలి. వట్టి వక్క ఉన్నవాళ్ళు పడాలి. పట్లు నిజమే, దెబ్బలు నిజమే, విరిగే ఎముకలూ నిజమే. గెలుపు ఒక్కటే ముందుగా వండి మూత పెట్టిన కూర. ఈ సంగతి బయట పొక్కకూడదని గోదాలో కట్టడి.

ఆ గోదాలో అందరికంటే పేరున్న మల్లు ఓబులక్క. రాళ్ళు కొట్టేవాళ్ళ ఇంటి పిల్ల. లేత వయసులో వచ్చి చేరింది. నాగరప్ప ఆమెకు ఆడపులి అని పేరు పెట్టాడు. నడుముకు చారల గుడ్డ చుట్టించాడు. గోదా ఆచారం ప్రకారం నుదుట చిటికెడు మట్టి పెట్టించి, తాను ఒక్కో మాట అంటూ ఆమె చేత పలికించాడు.

"ఈ మట్టి తప్ప వేరే మట్టి తొక్కను. ఈ పేరుతో తప్ప వేరే పేరుతో పట్టు పట్టను. ఈ గోదాలో నా వీపు మట్టికి ఆనేదాకా ఇక్కడి నుంచి కదలను."

ఇందులో ఏముంది, ఏదో ఒకనాడు పడకపోతానా, వెళ్ళకపోతానా అనుకుంది ఆ పిల్ల. పడే వంతు ఎవరిదో తేల్చేది ఆ పెద్దమనిషేనని అప్పటికి తెలియదు. తప్పు పట్టకండి. లోపలికి రమ్మనేవాడి నవ్వును చూసినంత శ్రద్ధగా, బయటికి దారి ఎటుందో మనలో ఎవరం చూశాం?

ఓబులక్క దిగితే గోదా చుట్టూ గోడలు కూడా జనంతో నిండేవి. అలాంటి మనిషికి వక్క ఎవడు పంపుతాడు? ప్రతిసారీ తమలపాకే. ప్రతిసారీ గెలుపే. గెలిచిన కొద్దీ గోదా తలుపు ఆమెకు ఇంకాస్త బిగుసుకునేది.

ఏళ్ళు గడిచాయి. ఆమె కుడి మోకాలు అరిగింది. మెట్లెక్కితే కటకటమనేది. ఆమెకు ముందు అంత పేరు మోసిన మారెప్ప ఇప్పుడు అదే గోదాలో కాలు ఈడ్చుకుంటూ మట్టి జల్లించేవాడు. ఆయనను చూసినప్పుడల్లా ఓబులక్క చేయి తనకు తెలియకుండానే మోకాలి మీదికి పోయేది. మంత్రసాని పనీ వైద్యమూ తెలిసిన ఒక ముసలమ్మ ఆ మోకాలు నొక్కి చూసి, ఈ ఏడూ కుస్తీలు పట్టావంటే వచ్చే ఏటికి ఊతకర్ర చెక్కించుకో అని ముఖం మీదే చెప్పింది.

మొదటిసారి ఓబులక్క నాగరప్ప దగ్గరికి వెళ్ళి మోకాలి సంగతి చెప్పి, ఇక సెలవిప్పించండి అంది. ఆయన తన మోకాలే అరిగినంత బాధపడ్డాడు. సాయంత్రానికి నూనె పంపాడు, మర్దనకు మనిషిని పంపాడు. వారం తిరగకుండా పొట్లమూ పంపాడు. అందులో తమలపాకు.

రెండోసారి వెళ్ళి వేరే కారణం చెప్పింది. ఏటి అవతల మా అక్క ఊళ్ళో ఆడపిల్లలు కుస్తీ నేర్పమంటున్నారు, అక్కడ చిన్న గోదా తవ్వుకుంటాను అంది. నాగరప్ప నవ్వి, వేరే మట్టి తొక్కనన్నావు గదమ్మా అని గుర్తు చేశాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

"పోతే పో. నువ్వు గెలిచినవన్నీ నా తమలపాకు గెలిచిన కుస్తీలేనని చాటింపు వేయిస్తా. ఏ తల్లి తన కూతుర్ని నీ చేతిలో పెడుతుందో చూద్దాం."

ఆ మాటతో ఓబులక్క వెనుదిరిగింది. నొప్పిని ఓర్చుకోగలదు గాని, ఊరి ముందు దొంగగా నిలబడటం ఆమె వల్ల కాదు. మళ్ళీ గోదాలో దిగింది. ఆ రోజు మోకాలి లోపల ఏదో పుటుక్కుమంది.

ఇంటికి వచ్చి గోడకు ఆనుకుని ఆలోచించింది. నేను ఏ కారణం చెప్పినా దానికి ఆయన దగ్గర ఒక మందో, ఒక బెదిరింపో సిద్ధంగా ఉంది. ఇంకెందుకు చెప్పడం?

మూడోసారి ఆమె నాగరప్పను అడగలేదు.

తర్వాతి కుస్తీ సుంకితో. సుంకి కొత్తగా చేరిన పిల్ల, ఓబులక్క అంటే ప్రాణం. సుంకికి వక్క వచ్చింది, ఓబులక్కకు ఆకు వచ్చింది. డప్పు మోగింది. సుంకి వచ్చి మెడ మీద చేయి వేసిందో లేదో, ఓబులక్క వెల్లకిలా పడబోయింది. సుంకి హడలిపోయి రెండు చేతులా పట్టుకుని నిలబెట్టింది.

"అక్కా, పడాల్సింది నేను" అని చెవిలో గొణిగింది.

"ఇవాళ నాకు వదిలెయ్యి" అంది ఓబులక్క.

సుంకి వినలేదు. తాను పడబోయింది. ఓబులక్క నడుం పట్టి లేపింది. ఒకరు పడబోతే ఇంకొకరు లేపడం, ఇంకొకరు పడబోతే ఒకరు లేపడం. మా ఇంట భోంచేయమంటే మా ఇంట భోంచేయమని పెనుగులాడే వియ్యపురాళ్ళలా ఉన్నారిద్దరూ. జనం కడుపులు పట్టుకుని నవ్వారు. చివరికి ఓబులక్క విసిగిపోయి, గోదా నడుమ కూర్చుని, చేతులు బార్లా చాపి, వీపు మొత్తం మట్టికి ఆనించి పడుకుంది.

డప్పు కొట్టే మనిషి కొట్టాలో మానాలో తెలియక నాగరప్ప వైపు చూశాడు. ఓబులక్క పడుకునే అంది, "కొట్టన్నా, నీ పని నువ్వు చెయ్యి." అతను కొట్టాడు.

నాగరప్ప మెత్తని చెప్పులతో మట్టిలో పరిగెత్తుకొచ్చాడు. ఇది చెల్లదన్నాడు. మర్నాడు ఆమెను రాణి వకుళాదేవి కొలువుకు లాక్కుపోయాడు. వాళ్ళ వెనకే ఊరూ వెళ్ళింది.

రాణి ప్రమాణం విన్నది. వీపు ఆనిందా అని అడిగింది. ఆనిందని ఊరంతా చెప్పింది.

"ఎలా చెల్లుతుంది మహారాణీ?" అన్నాడు నాగరప్ప. "నేను వక్క పంపందే!"

వక్క ఏమిటని రాణి అడిగింది. నాగరప్ప నాలుక కరుచుకున్నాడు. ఇక దాచి లాభం లేదనుకుని, మునిగేది తానొక్కడే ఎందుకని ఊరి వైపు తిరిగాడు. పొట్లాల సంగతంతా చెప్పి, ఈ ఆడపులి ఒక్క కుస్తీ కూడా నిజంగా గెలవలేదు, వినండి అన్నాడు.

ఓబులక్క తల ఎత్తింది. "నిజమే మహారాణీ. ఆ పొట్లాలు నేనూ విప్పాను" అంది.

అప్పుడు జనంలోంచి పెరుగమ్మే రామక్క ముందుకొచ్చింది.

"మాకు తెలియదనుకున్నావా నాగరప్పా? పడేవాడు పడకముందే మొలతాడు సర్దుకుంటుంటే, ఆ మాత్రం కళ్ళు లేవా మాకు? ఎవరు గెలుస్తారో చూడ్డానికి వస్తామా మేము? ఈ పిల్ల ఎంతటి మనిషినైనా తల మీదికెత్తి, ఒక్క ఎముక కదలకుండా కింద పెడుతుందే, అది చూడ్డానికి వస్తాం. నా మనవరాలిని రేపే పంపుతా దీని దగ్గరికి."

ఊరంతా గొల్లున నవ్వింది. ఓబులక్క కూడా నవ్వింది, నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. ఇన్నాళ్ళూ గుండె మీద మోసిన బండ, చూస్తే బూరుగుదూది.

రాణి నవ్వు ఆపుకుని, ఇంతకీ ఎందుకు వెళ్తానంటున్నావమ్మా అని అడిగింది.

"తల్లీ, చేరేనాడు ఎందుకు చేరుతున్నావని నన్నెవరూ అడగలేదు. వెళ్ళాలని ఉంది. వెళ్తాను."

రాణి తన ప్రశ్నను వెనక్కి తీసుకుంటున్నానని అందరి ముందూ చెప్పింది. తర్వాత నాగరప్ప వైపు తిరిగింది.

"పడితే వదులుతానన్నావు. పడనివ్వడం మాత్రం నీ చేతిలో పెట్టుకున్నావు. తలుపు చూపించి తాళంచెవి మింగినవాడివి నువ్వు. ఇకనుంచి ఏ గోదాలోనైనా సరే, నెల ముందు చెప్పిన మల్లు తన దారిన తాను వెళ్ళొచ్చు. ఎందుకని అడిగే పని లేదు. ఏ మట్టి తొక్కుతారన్నది వాళ్ళ ఇష్టం."

నాగరప్పకు ఇంకా ఆశ చావలేదు. ఆడపులి అనే పేరు మాత్రం నాదే అన్నాడు.

"ఉంచుకోండయ్యా" అంది ఓబులక్క. "నా చేతులు నాతో వస్తాయి."

ఆ నెల రోజులూ ఓబులక్క గోదాలోనే ఉండి, మనిషిని దెబ్బ తగలకుండా దించే పట్టు సుంకికి నేర్పింది. మారెప్ప కూడా చెప్పి, నెల కాగానే కూతురింటికి వెళ్ళిపోయాడు. సుంకి ఉంటానంది. అంతకుముందు, ఉండమని నాగరప్ప ఆమెను అడగాల్సి వచ్చింది, జీవితంలో మొదటిసారి, కాస్త తడబడుతూ.

నెల నిండిన పొద్దున ఓబులక్క కుంటుకుంటూ ఏరు దాటింది. అవతలి ఒడ్డున కూర్చుని, కాలు మోకాలి దాకా నీళ్ళలో పెట్టి, చల్లదనం ఎముకకు తగిలేదాకా అలాగే ఉండిపోయింది. లెమ్మని పిలిచేవాళ్ళు లేరు. తనకు లేవాలనిపించినప్పుడు లేచి, అక్క ఊరి దారి పట్టింది.

పిల్లలూ, చేరడానికి ఒప్పుకున్న మనిషి తనను తాను అమ్ముకున్నట్టు కాదు. వెళ్ళే హక్కు చేతిలో ఉన్నప్పుడే ఉండటానికి విలువ.