కోటమ్మత్త పాలచీర

అనగనగా అంటే నువ్వు ఊఁ కొట్టాలి, లేకపోతే కథ అక్కడే ఆగిపోతుంది. ఆఁ, అలాగన్నమాట. అనగనగా ఒక కొండ, ఆ కొండ కింద గోనుపాడని ఒక ఊరు. ఆ ఊళ్ళో కోటమ్మ, వీరాస్వామి అని ఆలుమగలుండేవారు. వాళ్ళకి పిల్లలు లేరు. ఒక గేదె ఉండేది. దాని పేరు కాటుక.

ఒక వేసవిలో కోటమ్మ మేనకోడలు హైమ సెలవులకి పట్నం నుంచి వచ్చింది. ఇంచుమించు నీ ఈడు పిల్లే, కాకపోతే నీలాగా అన్నం దగ్గర పేచీ పెట్టేది కాదు.

హైమకి ఆ ఊరు భలే నచ్చింది. పొద్దున్నే వేడి జొన్నరొట్టె మీద వెన్నముద్ద. ఆ తర్వాత వాగులో స్నానం. సాయంత్రం వాకిట్లో నులకమంచం మీద అత్త ఒళ్ళో తల పెట్టుకుని కబుర్లు. పట్నంలో ఇరుకింట్లో పెరిగిన పిల్ల కదూ, ఆకాశం అంత పెద్దదని అప్పుడే తెలిసింది. ఇక ఇక్కడే ఉండిపోతే బాగుండు అనుకుంది.

ఒక్క కాటుకంటేనే హైమకి హడల్. ఈనిన దగ్గర్నుంచి ఆ గేదెకి కోపం మరీ ఎక్కువైంది. చంటి దూడ దగ్గరికి ఎవరొచ్చినా కొమ్ములు దించి బుసకొట్టేది. పక్కింటాయన్ని ఎత్తి గడ్డివాము మీదకి విసిరేసింది, పాపం నాలుగు రోజులు నడుం పట్టుకుని నడిచాడాయన. కోటమ్మ ఒక్కతే దాని దగ్గర కూర్చుని పాలు పిండగలిగేది. హైమ రోజూ అత్త కొంగు పట్టుకుని, వెనక నక్కి నక్కి కొట్టంలోకి వెళ్ళేది. గేదె ఇటు తిరిగితే చాలు, అత్త నడుం గట్టిగా వాటేసుకునేది.

కోటమ్మకి పాలు పిండడానికని వేరే చీర ఉండేది. పాలచీర. కొట్టంలో కొయ్యకి వేలాడుతూ ఉండేది. పేడా, కుడితీ, పాలూ, చెమటా అన్నీ దానిమీదే. కోటమ్మ ఎప్పుడైనా ఊరెళ్ళాల్సి వస్తే, వీరాస్వామి మామయ్య ఆ చీర చుట్టుకుని పాలకి కూర్చునేవాడు. అవును, అంతంత మీసాలతోనే! కాటుక అత్తే అనుకుని చక్కగా పాలు చేపేది. ఆ మాట విని హైమ పొట్ట పట్టుకుని నవ్వింది. గేదెకి చీర రంగు బాగా గుర్తన్నమాట, అనుకుంది.

ఒకరోజు పక్క ఊళ్ళో ఎవరికో పురిటి నొప్పులొస్తున్నాయి, కాన్పుకి సాయం రమ్మని కోటమ్మకి కబురొచ్చింది. "రేప్పొద్దునకల్లా వచ్చేస్తానమ్మా. సాయంత్రం మామయ్య పాలు పిండుతాడు. నువ్వు మాత్రం కొట్టంలోకి వెళ్ళకు" అని చెప్పి వెళ్ళింది.

అప్పుడు హైమకి దిగులు పట్టుకుంది. కాటుకని మేతకి తోలుకెళ్ళాక, మెల్లగా కొట్టంలోకి వెళ్ళి చీర చూసింది. మురికి పట్టేసి రంగేమిటో తెలీడం లేదు. ఒక్క పువ్వూ కనబడడం లేదు. అయ్యో, ఇలా ఉంటే గేదె ఎలా గుర్తుపడుతుంది? గుర్తుపట్టకపోతే మామయ్యని కుమ్మేయదూ?

వెంటనే ఆ చీర వాగుకి పట్టుకెళ్ళింది. పట్నం నుంచి తెచ్చుకున్న వాసన సబ్బుతో రుద్దింది, బండకేసి బాదింది, మళ్ళీ రుద్దింది. అప్పుడు పసుపు పువ్వులు కనబడ్డాయి. చీరని కంచె మీద ఆరేసి, ఎండాక మడత పెట్టి మళ్ళీ కొయ్యకి తగిలించింది. మామయ్యని కాపాడానని సంబరపడిపోయింది, వెర్రిపిల్ల.

సాయంత్రమైంది. దూడ ఆకలికి అరుస్తోంది. కొట్టంలో మసక మసగ్గా ఉంది. మామయ్య ముక్కుకి నస్యం తప్ప ఇంకో వాసన తెలీదు. గబగబా చీర చుట్టుకుని, తపేలా పట్టుకుని కాటుక పక్కన కూర్చున్నాడు.

కాటుక ముట్టె చాపి వాసన చూసింది. ఒక్కసారిగా దాని ఒళ్ళంతా బిగుసుకుపోయింది. తపేలా ఎగిరి గోడకి తగిలింది, మామయ్య వెల్లకిలా పడ్డాడు. గేదె పలుపు తెంపుకుని, తడిక విరగదొక్కుకుని కొండవైపు పరుగెత్తింది. వాకిట్లో నిలబడ్డ హైమ పక్కనుంచే పోయింది. నేల అదిరింది.

"కొండ మీద చిరుత తిరుగుతోందే! చీకటి పడేలోపు తేకపోతే గేదె మనకి దక్కదు. తల్లి లేకపోతే ఈ పసిగుడ్డు కూడా బతకదు!" అన్నాడు మామయ్య. అంటూనే కొండవైపు పరుగెత్తాడు. ఒంటరిగా ఇంట్లో ఉండలేక హైమ కూడా ఆయన వెంట పడింది.

కొండ మొదట్లో ముళ్ళపొదల మధ్య కాటుక నిలబడి ఉంది. మామయ్య అత్తలాగే గొంతు సన్నం చేసి "దా కాటుకా, దా" అని పిలిచాడు. గేదె నాలుగడుగులు వెనక్కి వేసింది.

ఆ తర్వాత ఆయన ఇంటికి పరుగెత్తి తట్టనిండా తవుడు తెచ్చాడు. కాటుక వంక తవుడు తట్ట నెట్టాడు. అది కొమ్ముతో ఒక్క విసురు విసిరితే తట్ట వెళ్ళి పొదల్లో పడింది.

పొద్దు కొండ వెనక్కి జారిపోతోంది. హైమ చెప్పాలి. చెబితే మామయ్య ఏమంటాడో! చెప్పకపోతే దూడ చచ్చిపోతుంది. చివరికి ఏడుస్తూ చెప్పేసింది. "మామయ్యా, చీర నేనే ఉతికాను. పువ్వులు కనబడాలని..."

మామయ్య తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "అది చూపుతో కాదమ్మా గుర్తుపట్టేది, వాసనతో" అన్నాడంతే. ఒంటిమీది చీర విప్పి అవతల పారేసి తల పట్టుకున్నాడు. మీ అత్త ఉంటే వచ్చేసేదే అన్నాడు. అత్తేమో పక్క ఊళ్ళో ఉందాయె.

అప్పుడు ఆయన మళ్ళీ ఇంటికెళ్ళి దూడని భుజాన వేసుకొచ్చాడు. దాన్ని నేల మీద దించాడు. తల్లిని చూడగానే దూడ "అంబా" అని తూలుకుంటూ నాలుగడుగులు వేసింది. ఆకలికి కాళ్ళు మడతపడి మధ్యలోనే కూలబడింది. దాన్ని లేపుదామని మామయ్య ముందుకెళ్తే కాటుక కొమ్ములు దించింది. ఆయన ఆగిపోయాడు. దూడ లేవడం లేదు. మెడ కూడా వాల్చేసింది.

హైమ ఏమీ ఆలోచించలేదు. వెళ్ళి దూడ మెడ కింద చేతులు పెట్టి లేపబోయింది. "హైమా!" అని మామయ్య పెట్టిన కేక సగంలోనే ఆగింది. గట్టిగా అరిస్తే గేదె బెదిరి పిల్ల మీద పడుతుందని ఆయన భయం.

గిట్టల చప్పుడు దగ్గరికొచ్చింది. హైమ దూడ మెడని వాటేసుకుంది. గట్టిగా కళ్ళు మూసుకుంది. అత్తా, అత్తా అని లోపలే అనుకుంది. వేడి ఊపిరి మెడ మీద పడింది. పెద్ద ముట్టె వచ్చి భుజం వాసన చూసింది. వీపు చూసింది. పావడా అంతా చూసింది. ఎంతసేపు చూసిందో! ఊఁ కొట్టు మరి, ఊపిరి బిగబట్టకు.

ఆ తర్వాత గరుగ్గా, తడిగా ఏదో చెంప మీద రాసుకుంది. హైమ కళ్ళు తెరిచింది. అది కాటుక నాలుక. ఒకసారి పిల్లని, ఒకసారి దూడని, ఇద్దరూ తన బిడ్డలే అన్నట్టు నాకుతోంది.

ఎందుకంటావా? రోజూ అత్త కొంగు పట్టుకుని కొట్టంలో తిరిగింది కదా, అత్త నడుం వాటేసుకుంది కదా, అత్త ఒళ్ళో పడుకుంది కదా. అత్త వాసనంతా ఆ పిల్ల పావడాకే పట్టేసింది. చీకటి పడేవేళకి హైమ ముందు, దూడని మోస్తూ మామయ్య, వాళ్ళ వెనకాలే కాటుక ఇల్లు చేరారు. దూడ కడుపునిండా పాలు తాగింది.

తెల్లారి కోటమ్మ వచ్చింది. జరిగిందంతా విని హైమ వీపు మీద ఒక్కటి వేసింది. "దాని కొమ్ముల ముందుకెళ్తావుటే! నీకేమన్నా అయితే నేను బతికేదాన్నా?" అని, ఆ పిల్లని గుండెకి హత్తుకుని గట్టిగా ఏడ్చేసింది.

సెలవులైపోయాయి. హైమ బస్సెక్కేరోజున అత్త, "ఆ పావడా ఇక్కడే ఉండనీ తల్లీ, గేదెకి పనికొస్తుంది" అంది. తీసుకెళ్ళి కొట్టంలో కొయ్యకి తగిలించింది. ఉతకలేదు, ఎవర్నీ ఉతకనివ్వలేదు.

గేదె దాన్ని మళ్ళీ వాసన చూసిందో లేదో నాకు తెలీదు. కోటమ్మ మాత్రం రోజూ పాలు పిండాక, ఆ పావడాని మొహానికి అదుముకుని కాసేపు అలాగే నిలబడేది. మామయ్య చూసి కూడా చూడనట్టు వెళ్ళిపోయేవాడు.

కథేమో కంచికి నడిచింది,
దూడేమో తల్లిని కలిసింది,
మనమేమో ఇంటికి చేరాము,
కళ్ళు మూసి నిద్దర పోదాము.