కుండగోడ అమ్మవారు రెండు తోటల నడుమ వెలసిన వైనం

భక్తులారా! కుండగోడ గ్రామానికి వచ్చి గుడి ఎక్కడని అడిగితే ఊరివాళ్లు గోడను చూపిస్తారు. కంగారుపడకండి, మీరు దారి తప్పలేదు. ఇక్కడ గోడే గుడి. గోపురం లేదు, ధ్వజస్తంభం లేదు. పడమట మల్లెతోట, తూర్పున తమలపాకుతోట, రెంటి మధ్యా అడుగులు లేని కుండలను పడుకోబెట్టి కట్టిన మట్టిగోడ. ఆ కుండల్లో ఒకదానిలో, పిడికెడంత రాతిరూపంలో, పసుపు పూసుకుని అమ్మవారు కొలువై ఉన్నారు. పొద్దుటి ఎండ కుండల్లోంచి దూరి మల్లెపాదుల్లో గుండ్రంగా రాలుతుంది. కాసేపు చూస్తూ నిలబడితే అది ఎండో వెన్నెలో తోచదు.

పూర్వం ఇక్కడ ఉన్నది మామూలు మట్టిగోడే. మల్లెతోట సన్యాసమ్మది, తమలపాకుతోట గౌరునాయుడిది. చుట్టరికం లేకపోయినా వదినా, మరిదీ అని పిలుచుకునేవారు. తిట్టుకునేటప్పుడు కూడా ఆ వరసలు తప్పేవారు కాదు.

తగవు గోడ ఎత్తు గురించి. పడమటి వడగాడ్పు సోకితే తమలపాకు తీగ మాడిపోతుంది కనుక గోడ ఎత్తుగా ఉండాలని నాయుడి పట్టు. గోడ ఎత్తయితే పొద్దుటి ఎండ అందక మల్లె మొగ్గ తొడగదు కనుక పొట్టిగా ఉండాలని సన్యాసమ్మ పట్టు. ఇద్దరికీ ఆ తోట తప్ప వేరే బతుకుతెరువు లేదు. నాయుడు తెల్లవారుతూనే గోడ మీద ఒక వరస మట్టి పెట్టేవాడు. అతడు అన్నం తిని నడుం వాల్చగానే ఆమె ఆ పచ్చివరసను పారతో దింపేసేది.

"ఏం వదినా, మా గోడకి క్షౌరం చేస్తున్నావా?"

"ఏం చెయ్యను మరిదీ! నీ ఆకులకి లేని ఏపు నీ గోడకొచ్చింది."

ఆ ఏడు వేసవి ముందే ముంచుకొచ్చింది. నాయుడికి ఒక ఉపాయం తట్టింది. ఏట్లోంచి నున్నటి రాయి ఒకటి తెచ్చి, పసుపు పూసి, బొట్టు పెట్టి, గోడకు సన్యాసమ్మ వైపున పొదిగాడు. దాని పైన తన మనసు తీరేటంత ఎత్తు గోడ లేపేశాడు. అమ్మవారున్న గోడ మీద పార ఎవరు వేస్తారు? అది ఉత్త రాయేనని నాయుడికి తెలుసు. ఆ సంగతి అమ్మవారికి మాత్రం ఎవరూ చెప్పలేదు.

నీడలో మల్లె వాడిపోసాగింది. సన్యాసమ్మ చెట్టుచెట్టూ వెతికి, దొరికిన నాలుగు మొగ్గలు తెచ్చి రాతి ముందు పెట్టింది. "తల్లీ, నువ్వు అతని పక్షమో నా పక్షమో నాకు తెలీదు. ఇవే ఆఖరి మొగ్గలు. ఇక నీకు పెట్టడానికీ లేవు, నేను బతకడానికీ లేవు" అని గోడకు తల ఆనించి అలాగే నిద్రపోయింది. గోడకు అవతల, గెలిచానన్న హాయిలో నాయుడు అప్పటికే గుర్రుపెడుతున్నాడు.

అప్పుడు తడిబట్టలోంచి నీరు ఊరినట్టు అమ్మవారు గోడలోంచి ఇటూ అటూ ఊరి వచ్చారు. "నన్ను కావలి పెట్టావు కదా నాయుడూ! కూలి అడగనులే. ఒక్కసారి ఇటు వచ్చిపో" అని నవ్వుతూ అతణ్ని చిటికెనవేలితో తాకారు. గౌరునాయుడు మల్లెమొగ్గ అయ్యాడు. చుట్టూ బావి అడుగులాంటి చల్లటి నీడ. పైన ఎక్కడో వెలుగు నడిచిపోతున్న చప్పుడు. విచ్చుకుందామంటే ఎటు తిరగాలో తెలియదు. అదే క్షణంలో సన్యాసమ్మ అవిసె చెట్టును పట్టుకుని ఎగబాకుతున్న లేత తమలపాకు అయింది. నిప్పులాంటి గాలి అంచులు కొరుకుతోంది. కదలడానికి కాళ్లు లేవు. కప్పుకోవడానికి ఒక్క గోడ లేదు.

ఇద్దరూ ఉలిక్కిపడి లేచారు. నాయుడు పార పట్టుకుని, సన్యాసమ్మ మట్టితట్టా నీళ్లకుండా పట్టుకుని గోడ దగ్గరకు పరుగెత్తారు.

"అటు ఒకటే చీకటి వదినా! గోడ దింపేస్తాను!"

"దింపితే చంపేస్తాను! నాలుక పిడచకట్టేసిందయ్యా, ఇంకో వరస లేపు!"

మళ్లీ తగవే. కాకపోతే ఈసారి అతడు దింపుతానంటాడు, ఆమె లేపమంటుంది. దింపిన చోట ఆమె మట్టి పోసి, తడుపుదామని నీళ్లకుండను ఆ గండిలోకి వాల్చి ఆనించింది. అతడి పార జారి కుండకు తగిలి అడుగు ఊడిపోయింది. ఇద్దరూ నోరెళ్లబెట్టారు. కుండలోంచి ఎండ గుండ్రంగా అవతలికి దాటింది. వడగాలి మాత్రం కుండ కడుపులో హోరుమని తిరిగి, అలసిపోయి, ఆకు కదలనంత మెల్లగా బయటికి వచ్చింది.

కుమ్మరి పారేసిన వంకర కుండలన్నీ ఏరి తెచ్చి ఆ గోడను ఇద్దరూ కలిసి కట్టారు. రాతిని రెండు వైపులా కనబడేలా ఒక కుండలో కూర్చోబెడుతూ నాయుడు నసిగాడు. "వదినా, ఈ రాయి... నేనే ఏట్లోంచి..."

"తెలుసులే మరిదీ. ఆ ఏట్లో రోజూ బట్టలుతికేదాన్ని, ఏటిరాయి నాకు తెలీదా? ఇప్పుడు మాత్రం రాయి అనకు, వింటుంది."

నేటికీ గోడ తగాదా ఉన్న ఇరుగుపొరుగువారు ఇక్కడికి కలిసి రావాలి. ఒక్కరే వచ్చి మొక్కుకుంటే అమ్మవారు వినరని కాదు, సగమే వింటారు. ఎవరి పెరటి మట్టి వారు గుప్పెడు తెచ్చి ఎదుటివారికి ఇస్తారు. దాన్ని తలాపున పెట్టుకుని, గోడకు చెరోవైపు చాప వేసుకుని మధ్యాహ్నం కాసేపు నిద్రపోతారు. లేచాక తమ కల ఒకరికొకరు చెప్పుకుని, ఇద్దరి మట్టీ కలిపి గోడ పెచ్చులూడిన చోట మెత్తుతారు. అలా చేసినవారి పెరట్లో పాదు ఎండదని, పలకరింపు ఆగదని పెద్దల మాట.

కొందరికి నిద్ర పడుతుంది కానీ కల రాదు. వారు అర్చకుల దగ్గరకు వచ్చి బిక్కమొహం వేస్తారు. ఆయన చెప్పే మాట ఎప్పుడూ ఒకటే: "రాకపోతే కల్పించి చెప్పండి నాయనా. అవతలివాడికి ఎలా ఉందో కల్పించగలిగితే, ఇక అమ్మకు మీతో పని లేదు."