సిమ్మన్న పట్టిన పట్టు

ఒకప్పుడు, నడిసముద్రం అట్టడుగున, దీపం చేపల్లో మగవాటికి ఒక్కచోట కాలు నిలిచేది కాదు. చేపకి కాళ్ళెక్కడివి అంటారా? సరే, తోక నిలిచేది కాదు అనుకోండి.

సిమ్మన్న అయితే మరీనూ. వాడు వేలెడంత, వాడి పెళ్ళాం పైడమ్మ గుమ్మడికాయంత. ఆమె నెత్తిమీద సన్నటి కాడ, కాడ చివర చిన్న దీపం. కంటికి ఆనని నలుసు జీవులు అందులో కాపురముండి వెలుగిచ్చేవి. ఆ దీపం తప్ప చుట్టూ అంతా చీకటే. ఎండ అంత లోతుకి ఏనాడూ దిగలేదు.

“ఒక్క సుట్టు తిరిగొచ్చేత్తానే” అని సిమ్మన్న బయల్దేరేవాడు. దారి తప్పి నెలలకి తేలేవాడు. ఈలోగా పైడమ్మ గుడ్లు పెట్టేది. తండ్రి పక్కన లేకపోతే ఆ గుడ్లు పిల్లలవ్వవు. రెండుసార్లు అలాగే పాడయ్యాయి. పాపం, ఆమె ఎంత ఏడ్చిందో!

మూడోసారి పొట్ట బరువెక్కింది. సిమ్మన్న తోక అప్పుడే అటూ ఇటూ కొట్టుకుంటోంది.

“మావా, ఈపాలి గుడ్లు కూడా పోతే నాను బతకను. నన్ను కరిసి పట్టుకో” అంది పైడమ్మ.

“ఎంతసేపే?”

ఇద్దరూ ఆలోచించారు. పైన తెల్లారగానే ఎవరి దారిన వాళ్ళు పోతారని ఒక రొయ్య చెప్పగా విన్నాడు సిమ్మన్న. తెల్లారడమంటే ఏమిటో వాడికీ తెలీదు, ఆమెకీ తెలీదు.

“తెల్లారేదాకా వదల్ను. గంగమ్మ మీద ఒట్టు” అన్నాడు.

గంగమ్మ మీద ఒట్టేస్తే అక్కడ ఎవరూ తప్పరు. సిమ్మన్న ఆమె పొట్టని గట్టిగా కరిచి పట్టుకున్నాడు.

కాసేపటికే నోటినిండా పొట్టతో అడిగాడు. “తెల్లాలిందా?”

“ఇంకా నేదు మావా.”

“ఇప్పుడో?”

“నేదు.”

పైడమ్మ గుడ్లు పెట్టింది. ఈసారి అవి పిల్లలయ్యాయి, వేలకి వేలు! అవి పైకి ఈదుకుంటూ పోతుంటే పైడమ్మ ఆనందం పట్టలేకపోయింది.

సిమ్మన్న మాత్రం అడుగుతూనే ఉన్నాడు. అడిగి అడిగి వాడి పెదాలు ఆమె చర్మంలో కలిసిపోయాయి. కళ్ళు పోయాయి. రెక్కలు రాలిపోయాయి. ఒకనాడు ప్రశ్న ఆగిపోయింది.

“మావా, అడగవేటి?” పైడమ్మ హడలిపోయింది. గిరగిరా తిరిగింది. అప్పుడు తెలిసింది, తన నెత్తురే వాడి ఒంట్లోనూ పారుతోందని.

అప్పటినుంచే దీపం చేపల్లో మగది ఆడదాని పొట్టకి అతుక్కుపోయి బతుకుతోంది. వదిలెయ్యమందామంటే, అక్కడింకా తెల్లారలేదు.