సువ్రత ఎత్తిన చెయ్యి

పూర్వం త్రేతాయుగంలో హేమధ్వజుడనే రాజు, వానలు లేక ప్రజలు అలమటించడం చూడలేక, మహర్షులను రావించి మహాయాగం తలపెట్టాడు. అందులో యాగాన్ని పర్యవేక్షించే బ్రహ్మస్థానంలో మౌనదీక్షతో కూర్చున్నవాడు ధృతవ్రత మహర్షి. ఆయన ధర్మపత్ని సువ్రత ఐదేళ్ల కూతురు దీప్తికను ఒడిలో పెట్టుకుని యాగశాలలో కూర్చున్నది.

పూర్ణాహుతి అయ్యేవరకు ఎవరూ ఎంగిలిపడరాదని నియమం. పసిపిల్లలకది వర్తించదని సువ్రతకు తెలియనిది కాదు. నలుగురూ ఏమంటారోనని బిడ్డనూ పస్తుంచింది. మహాకోపిష్ఠి అయిన ఉగ్రతపుడనే ముని ఆలస్యంగా వేంచేయడంతో పూర్ణాహుతీ ఆలస్యమైంది. ఆకలికి శాస్త్రమేం తెలుసు? దీప్తిక ఒడి జారి, వేదికపై దేవతలకు హవిస్సుగా ఉంచిన పురోడాశమనే పిండిరొట్టెను అందుకుని కొరికింది.

సభలో కలకలం రేగింది. "ఎవరి పిల్ల?" "తల్లి పెంపకం అలా ఏడిసింది!" అని తలా ఒక మాట అన్నారు. ఉగ్రతపుడు కన్నులెర్రజేసి, కమండలూదకం దోసిట పట్టి, "దేవతల హవిస్సును ఎంగిలిచేసిన ఓ శిశువా!" అని గర్జించాడు.

సువ్రత పరుగున వేదిక చేరింది. తానే ముందు కొడితే మునికోపం చల్లారుతుందేమోనని చెయ్యెత్తింది. అంతవరకు మునిని చూసి బెదరని పిల్ల, ఆ చేతిని చూసి, నోటిలో ముద్ద నోటిలోనే ఉండగా, రెండు చేతులతో తల కప్పుకుని ముడుచుకుపోయింది. తల్లి ప్రాణం విలవిలలాడింది.

బిడ్డను గుండెకదుముకుని, "మహాత్మా! పస్తుంచినదాన్ని నేను, తప్పు నాది. ఆ జలం నా తలపై చల్లండి. బిడ్డకు మంచిచెడ్డలు చెప్పుకోవడానికి నేనున్నాను. దీన్ని మాత్రం మీకు అప్పగించను" అన్నది.

"ఎత్తిన శాపజలం వృథాగా పోదు, సాధ్వీ! అయితే నీకే తగులుగాక!" అంటూ ముని దోసిలి చాచాడు. సువ్రత కళ్లు మూసుకున్నది.

అంతలో హోమకుండం నుండి హవ్యవాహనుడైన అగ్నిదేవుడు లేచి, "తపోధనా, ఆ జలం నాలో విడువు. మునిశాపం నాకు కొత్తకాదు, ఒకప్పుడు దానివల్లనే సర్వభక్షకుడనయ్యాను. పాపం, ఈ పిల్ల తిన్నది ఒక్క ముక్క!" అన్నాడు.

ఉగ్రతపుడు సిగ్గుపడి జలాన్ని అగ్నిలో విడిచాడు. బుస్సుమని లేచిన పొగ ఆకాశమెక్కి మేఘమైంది. "తల్లీ, వరం కోరుకో" అన్నాడు అగ్ని.

"దేవా, నలుగురి మెప్పు కోసం ఈ చెయ్యి మళ్లీ నా బిడ్డపై లేవకుండా అనుగ్రహించు."

"తథాస్తు!"

తొలిచినుకులు పడ్డాయి, యాగం సఫలమైంది. నాటినుండి ఆ రాజ్యంలో పూర్ణాహుతికి ముందే పిల్లలకు అన్నం పెట్టడం ఆచారమైంది. ఆనాటి ఆ తొలిచినుకుల్లో సువ్రత, దీప్తిక తల తడవకుండా అరచెయ్యి ఎత్తి అడ్డుపెట్టింది. ఈసారి పిల్ల ముడుచుకోలేదు.