రేకు మీది రంగు

పేరయ్య గారికి ఒక అలవాటు ఉండేది. ప్రశ్న అడిగినవాడికి ఆయన జవాబు చెప్పేవారు కాదు, పని చెప్పేవారు. కాలవ గట్టున అరెకరం తోటలో పాక వేసుకుని ఉండే ఆ పెద్దాయన దగ్గరికి జ్ఞానం కోసమని వచ్చినవాళ్ళలో సగం మంది ఆ దెబ్బకి రెండోసారి మొహం చూపించలేదు. మిగతా సగానికి జ్ఞానం సంగతి ఏమోగానీ, గడ్డి పీకడం మాత్రం చక్కగా వచ్చింది. తాతబ్బాయి ఈ రెండో సగంలోవాడు. పదహారేళ్ళుగా ప్రతి గురువారం వచ్చి, ఆయన్ని అయ్యా అని పిలుస్తూ, చెప్పిన పని చేసి పోయేవాడు.

యాభై దాటినవాడు, ఊళ్ళో పెద్ద నర్సరీ ఉన్నవాడు, పెట్టే చెయ్యి అని పేరు పడ్డవాడు. అలాంటి మనిషి జ్యేష్ఠమాసంలో ఒక పొద్దుట వచ్చి, పాక ముందు చతికిలబడి ఏడ్చాడు. తమ్ముడు అబ్బులు ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చేశాడు. వచ్చాడంటే నయమై రాలేదు, ఇక మా చేతుల్లో లేదు తీసుకుపొమ్మంటే వచ్చాడు. అన్నదమ్ములకి పదకొండేళ్ళుగా మాటల్లేవు. పండక్కి బట్టలు పంపితే తిరిగొచ్చాయి. అబ్బులు కూతురి పెళ్ళికి మంచమూ బీరువా పంపితే, వాకిట్లోనే ఉండిపోయి వానకి తడిశాయి. ఆసుపత్రికి వెళ్ళడానికి తన కారు పంపితే, అబ్బులు దాని పక్కనుంచే నడిచి వెళ్ళి ఆటో ఎక్కాడు. ఇవన్నీ ఒక్కొక్కటే చెప్పుకుని తాతబ్బాయి అడిగాడు.

"నేను పెట్టనిది లేదయ్యా, చెయ్యనిది లేదు. వాడు కళ్ళు మూసేలోగా ఒక్కసారి అన్నయ్యా అని పిలిస్తే చాలు నాకు. వాడి మనసెందుకు కరగదు?"

అయ్య అంతా విన్నారు. విని, రేకుల షెడ్డు వైపు చెయ్యి చూపించారు.

"ఆ బండికి క్లచ్ ప్లేటు పోయింది. వెళ్ళి పట్రా" అన్నారు.

తోడబుట్టినవాడు చావు మంచాన ఉంటే క్లచ్ ప్లేటేమిటని ఇంకొకడైతే విసురుగా లేచిపోయేవాడు. తాతబ్బాయి కండువాతో మొహం తుడుచుకుని షెడ్డులోకి నడిచాడు. అయ్య చెప్పిన పని పూర్తి చేస్తే ఆ పుణ్యానికైనా తమ్ముడి మనసు మారుతుందని అతనికి లోపల ఎక్కడో ఆశ. షెడ్డులో ఉన్న ఆ బండి, చెట్ల వరసల మధ్య దూరి దున్నే చిన్న తోట ట్రాక్టరు. ఎవరో భక్తుడు ముప్ఫై ఏళ్ళ కిందట ఇచ్చిపోయాడు. మెకానిక్కు దాన్ని నడిమికి రెండు ముక్కలు చేసి, పాత ప్లేటు బయటికి తీసి, పళ్ళన్నీ అరిగి నున్నగా అయిపోయాయి, ఇది నమూనాకి కూడా పనికిరాదని ఓ మూల పడేసి పోయాడు.

పట్నంలో డీలరు కొట్లో కౌంటరు దగ్గర గవర్రాజు గారని ఒక ముసలాయన ఉంటాడు. కళ్ళజోడు ఎప్పుడూ ముక్కు చివరే. ఏం బండండీ అని అడిగితే, చిన్నదండీ, పాతది, ఎర్రది అన్నాడు తాతబ్బాయి. ట్రాక్టర్ల లోకంలో రంగే ఇంటిపేరు, ఒక్కో కంపెనీది ఒక్కో రంగు. ఎర్ర బండి అన్నాక గవర్రాజు గారు మరి మాట్లాడకుండా ఎర్ర కంపెనీవాళ్ళ ప్లేటు తీసిచ్చాడు. తీరా తెచ్చి చూస్తే అది పట్టలేదు. మర్నాడు తాతబ్బాయి ఇంకో డీలరు దగ్గరికి వెళ్ళి, వెల సంగతి నాకొదిలెయ్యండి, ఉన్నవాటిలోకెల్లా మంచిది ఇవ్వండి అన్నాడు. అట్టపెట్టెలో, నూనె కాగితం చుట్టి, తళతళా మెరిసేది ఇచ్చారు. అదీ పట్టలేదు. వస్తూ పోతూ అబ్బులు వీధి మీదుగానే వెళ్ళాలి. మొదటి రోజు గంజి తాగాడని చెప్పారు. రెండో రోజు మంచినీళ్ళేనన్నారు. తాతబ్బాయి గుమ్మం దాకా వెళ్ళి, చేతిలో ప్లేటు పెట్టె చూసుకుని, ముందు ఈ పని కానీ అని వెనక్కి తిరిగాడు.

మూడో రోజు మళ్ళీ గవర్రాజు గారి దగ్గరే తేలాడు. అన్నిటికంటే మంచిది తెచ్చానండీ, అయినా ఆ బండి తీసుకోదేమిటని వాపోయాడు. గవర్రాజు గారు కళ్ళజోడు మీదుగా ఒక్క చూపు చూశాడు.

"మంచిదెందుకండీ దానికి? దానిది కావాలి గానీ."

తరవాత నెమ్మదిగానే విడమరిచి చెప్పాడు. బండి ఎలా కనబడుతోందో చెబితే లాభం లేదు, మీకేది తోస్తే అది కొన్నా లాభం లేదు. ఇంజను కింద ఎడమవైపు అరచేయంత రేకు ఒకటి బిగించి ఉంటుంది, దాని మీద నంబరు కొట్టి ఉంటుంది, అది చదివి రండి. లోపల ఏముందో ఆ రేకు ఒక్కటే చెబుతుందన్నాడు.

తాతబ్బాయి షెడ్డుకి వచ్చి మోకాళ్ళ మీద కూర్చుని వెతికాడు. రేకు లేదు, అంతా ఎరుపే. కాసేపటికి తెలిసింది, రేకు ఉంది, రంగు కింద ఉంది. ఆ రంగు వేసినవాడు ఎవరో కాదు. ఏటా విజయదశమికి ఆయుధపూజ ముందురోజు బండిని కడిగి, తన నర్సరీ గేట్లకి వెయ్యగా మిగిలిన రంగు తెచ్చి, చక్రం నుంచి పొగగొట్టం దాకా అంగుళం వదలకుండా పులిమి, పైన పసుపూ కుంకుమా బొట్లు పెట్టేది తనే. నట్లూ బోల్టులూ కూడా వదిలిపెట్టేవాడు కాదు. ఎంత శ్రద్ధగా చేశాడో చూడండని నలుగురూ మెచ్చుకునేవారు కూడాను.

మొలలో ఎప్పుడూ ఉండే అంటుకత్తి తీసి గీకడం మొదలుపెట్టాడు. ఎరుపు కింద తను రాకముందే ఎవరో వేసిన ఇంకో ఎరుపు, దాని కింద ఆకుపచ్చ, దాని కింద పసుపు, మధ్య మధ్య గడ్డకట్టిన కుంకుమ. గీకగా గీకగా అట్టడుగున నీలం కనిపించేసరికి అతని చెయ్యి ఆగిపోయింది. పదహారేళ్ళుగా చేత్తో తుడిచిన బండి, పుట్టుకతో ఎర్రది కానే కాదు.

అక్కడ కూర్చునే ఉండగా, పదకొండేళ్ళుగా అయ్యకి కూడా చెప్పని సంగతి అతనికి ఎదురుగా వచ్చి నిలబడింది. అంటు కట్టడానికి వాళ్ళ నాన్న పెంచిన తల్లి మొక్కలు నాలుగు, ఒక రోజు తెల్లారేసరికి నర్సరీలో లేవు. కూలీలందరి ముందూ తాతబ్బాయి తమ్ముణ్ణి నిలబెట్టి, నువ్వే అమ్ముకున్నావురా, తల్లిని అమ్ముకున్నవాడివి అన్నాడు. అబ్బులు ఆ పూటే వేరు పడ్డాడు. ఇరవై రోజులకి కడప నుంచి ఫోను వచ్చింది, మీ లారీలో పొరపాటున మావి కాని మొక్కలు నాలుగు వచ్చాయి, ఏం చెయ్యమంటారని. తాతబ్బాయి వాటిని ఉంచేసుకోమని చెప్పి ఫోను పెట్టేశాడు. ఆ మాట ఇంకొకరి చెవిన వెయ్యలేదు. ఊరు మాత్రం అబ్బులుకి తల్లిమొక్కల అబ్బులని పేరు పెట్టింది, ఏ నర్సరీవాడూ అతని చేత అంటు కట్టించలేదు, అంత పనివాడూ మట్టి తట్టలు మోసి బతికాడు. మొదటి ఏడు ఒకసారి గేటు దగ్గరికి వచ్చి అడిగాడు కూడా. నాకేం వద్దన్నయ్యా, ఆ రోజు ఉన్నవాళ్ళని పిలిచి, వాళ్ళ ముందు ఒక్క మాట చెప్పు చాలు అన్నాడు. జరిగిందేదో జరిగిపోయింది, ఇంట్లోకి రా, మీ వదిన నీకు బట్టలు తీసింది అన్నాడు తాతబ్బాయి. అబ్బులు వెళ్ళిపోయాడు. అన్నయ్యా అని పిలవడం అదే ఆఖరు. ఇది తలుచుకున్నాక తాతబ్బాయికి ఒళ్ళంతా సిగ్గేసింది. అయినా మనిషి బుద్ధి ఎలాంటిదో చూడండి, నంబరు కాగితం మీద రాసుకుని మళ్ళీ డీలరు దగ్గరికే పరిగెత్తాడు.

గవర్రాజు గారు అట్టలూడిన పాత పుస్తకం తీసి, వేలు పెట్టి నంబరు వెతికి, తలాడించి, లోపలికి వెళ్ళాడు. చాలాసేపటికి ఉత్త చేతులతో వచ్చాడు.

"ఒకటుండేదండి. తొమ్మిదేళ్ళు ఆ అటక మీదే ఉంది, అడిగిన నాథుడు లేడు. పోయిన నెలలో పాత సరుకంతా తూకానికేసేశాం. కంపెనీవాళ్ళు అది చెయ్యడం ఎప్పుడో మానేశారు."

ఇంకెక్కడా దొరకదా అని తాతబ్బాయి అడగలేదు. కాగితం కౌంటరు మీదే వదిలేసి బయటికి వచ్చి, నేరుగా అబ్బులు ఇంటికి వెళ్ళాడు. గోళ్ళ నిండా ఎర్రరంగు అలాగే ఉంది. వసారాలో మంచం మీద అబ్బులు కళ్ళు మూసుకుని ఉన్నాడు. భార్య పైడమ్మ పక్కన కూర్చుని చెంచాతో పెదాలు తడుపుతోంది. చూడ్డానికి వచ్చినవాళ్ళు అయిదారుగురున్నారు, వాళ్ళలో ఆనాటి కూలీలు ఇద్దరు. తాతబ్బాయి చెప్పులు విడిచి, మంచం దగ్గర నిలబడి, అందరికీ వినబడేట్టు చెప్పాడు.

"తల్లి మొక్కలు నా తమ్ముడు అమ్ముకోలేదు. మా లారీలోనే పొరపాటున వెళ్ళిపోయాయి. ఆ సంగతి ఇరవయ్యో రోజునే నాకు తెలుసు. తెలిసి కూడా చెప్పలేదు."

అబ్బులు కనురెప్ప కూడా కదల్లేదు. పైడమ్మ తలెత్తి చూసింది. ఆమె మొహంలో కోపం ఉంటే తాతబ్బాయి ఓర్చుకునేవాడు. కోపం కూడా లేదు.

"నిన్న పొద్దుటి దాకా మాట తెలిసేది, బావగారూ" అని, మళ్ళీ చెంచా అందుకుంది.

ఆ తరవాత రెండో రోజు తెల్లవారుజామున అబ్బులు పోయాడు. పెద్దదినం అయ్యాక వచ్చిన గురువారం తాతబ్బాయి తోటకి వెళ్ళాడు. బండి రెండు ముక్కలుగా అలాగే ఉంది. గీకిన చోట నీలం రంగు, దాని మధ్య రేకు మెరుస్తున్నాయి. జరిగింది, దాచింది, అన్నీ చెప్పి, వాడు విన్నాడంటారా అయ్యా అని అడిగాడు. అయ్య చెంబు తీసుకుని మొక్కలకి నీళ్ళు పోయడం మొదలుపెట్టారు. తాతబ్బాయి ఆయన వెనకే నడుస్తూ, పెట్టే చెయ్యి గదా, ఈ బండి ఇక లేవదు గానీ మీకు కొత్తది కొనిస్తానయ్యా అన్నాడు.

అయ్య అతని గోళ్ళ వైపు చూశారు.

"కొంటే కొను" అన్నారు. "దసరాకి మాత్రం రేకు మీద రంగు వెయ్యకు."