వెలితమ్మ ఎడమచేయి

గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న మూసలకుదురులో బస్సు దిగిన యాత్రికులకు మొదట కనిపించేది గుడి గోపురం కాదు, అనువర్తిత కళల విశ్వవిద్యాలయపు కొలిమి పొగగొట్టం. ఆ ప్రాంగణంలోనే, పోతశాలకు ఎదురుగా, శ్రీ వెలితమ్మవారు కొలువై ఉన్నారు. అమ్మవారిది పంచలోహ విగ్రహం. కుడిచేత అభయమిచ్చే ఈ తల్లికి ఎడమచేతి వేళ్లు లేవు. గర్భగుడి వెనుక గోడ నిండా సొట్టకుండలు, రంగు కారిన చీరముక్కలు, ఒక కాలు పొట్టిగా ఉన్న పీటలు, వంకరగా అచ్చుపడిన కాగితాలు కనిపిస్తాయి. కొత్తవారు దీనిని పాతసామాన్ల కొట్టు అనుకొంటారు. అనుకోవచ్చు, కాకపోతే చెప్పులు బయట విడిచి వచ్చి అనుకోవాలి.

పూర్వం ఇక్కడ మల్లోజు అనే కంచరి ఉండేవాడు. మైనంతో బొమ్మ చేసి, దానిమీద మెత్తని ఒండ్రుమట్టి పూసి, ఆరిన తరువాత వేడిచేస్తే మైనం కరిగి కారిపోతుంది. ఆ ఖాళీలో కరిగిన లోహం పోస్తే విగ్రహం వస్తుంది. ఈ విద్యలో మల్లోజుది చేయి తిరిగిన పనితనం. ఆయన చేతిలో పోత చెడగా చూసినవారు ఊళ్లో ఒక్కరూ లేరు. చూసినవారు లేరన్నామే గాని చెడలేదనలేదు. పోత పోసేటప్పుడు ఆయన తలుపు గడియ వేసుకొనేవాడు. చెడినదానిని ఎవరూ లేవకముందే గుట్టుచప్పుడు కాకుండా కరిగించేసేవాడు.

నేర్చుకొందామని వచ్చినవారికి మల్లోజు నిండు విగ్రహాలే చూపేవాడు. వారి మొదటి పోత చెడగానే, ఈ విద్య మన నొసట రాయలేదని తలవంచుకొని వెళ్లిపోయేవారు. కుమ్మరివారి అమ్మాయి చెంగమ్మ కూడా అలాగే వెళ్లిపోయింది. మట్టి పిసికే పిల్లకు కంచుపని ఏమిటని ఊరు నవ్వినా వెనుకాడని మనిషి, తాను పోసిన దీపపు సెమ్మె పగిలిన రోజున మాత్రం ఎవరికీ చెప్పకుండా ఇంటిదారి పట్టింది.

ఏళ్లు గడిచాయి. మల్లోజు చేతులు వణకసాగాయి. తన తరువాత ఈ పని ఊళ్లో ఉండదన్న దిగులు ఆయనను తినేయసాగింది. చివరిపనిగా గ్రామదేవత విగ్రహం తలపెట్టాడు. లోహం అచ్చులో చివరిదాకా దిగాలంటే లోపలి గాలి పోవడానికి సన్నని దారులు వదలాలి. మట్టి పూసేటప్పుడు ఆయన చేయి వణికి ఎడమవైపు దారి మూసుకుపోయింది. పక్కన ఇంకొకరుంటే చూసేవారే. అలవాటు ప్రకారం తలుపుకు గడియ ఉన్నది.

అచ్చు పగలగొట్టి చూస్తే అమ్మవారికి ఎడమచేతి వేళ్లు లేవు. మల్లోజుకు తల కొట్టేసినట్లయింది. కరిగించేద్దామని కొలిమి రాజేసి, తిత్తి ఊదీ ఊదీ అలసి, మధ్యాహ్నపువేళ అక్కడే కునుకు తీశాడు. ఆ కునుకులో అమ్మవారు కనిపించింది.

"మల్లోజూ, నీ గుమ్మం దాటి ఏడుస్తూ పోయినవాళ్లు ఏమనుకొన్నారో తెలుసునా? ఈ విద్య తప్పు చేయనివారికే అనుకొన్నారు. నాకు వేళ్లు అక్కరలేదు. ఈ చేయి వాళ్లకు చూపించు."

కళ్లు తెరిచేసరికి కొలిమి చల్లారి ఉన్నది. మళ్లీ రాజేయడానికి బొగ్గులు లేకపోలేదు. మల్లోజు ఆ బొగ్గుల వంక చాలాసేపు చూశాడు. సిగ్గుతో ఒళ్లంతా మండింది. చివరకు లేచి, తలుపు బార్లా తెరిచి, కుమ్మరివాడకు నడిచాడు.

చెంగమ్మ సారె తిప్పుతున్నది.

"చెంగమ్మా, నా పోత చెడిపోయింది. వచ్చి చూడు."

సారె మీద ఆమె చేయి ఆగిపోయింది. "మీ పోత చెడేదేందయ్యా?"

"చెడింది. చెయ్యి వణికి గాలిదారి నేనే మూసేశా."

"ఇదే మొదలా?"

"కాదు. చాలాసార్లు. మీ కంటబడకుండా కరిగించేసేవాణ్ణి."

చెంగమ్మకు కోపంతో కళ్లనీళ్లు తిరిగాయి. "ఆ మాట ఆనాడే చెప్పుంటే నేను పోయేదాన్నా అయ్యా?"

ఆమె లోపలికి వెళ్లి, గాదె అడుగునుండి పాతచీరలో చుట్టిన పగిలిన సెమ్మెను తెచ్చింది. పారేయడానికి మనసొప్పక ఇన్నేళ్లు దాచుకొన్నదట. ఆయన వెంట వెళ్లి, ఆ సెమ్మెను అమ్మవారి పాదాల దగ్గర పెట్టింది. అదే తొలి మొక్కు. మరుసటి పోతకు తలుపు తెరిచే ఉన్నది, గాలిదారులు చెంగమ్మే చూసింది. నవ్విన నాపచేనే పండుతుందంటారు. మల్లోజు తరువాత ఆ పోతశాలను నడిపినది ఆమెయే.

ఆమెను చూసి అద్దకంవారు, వడ్రంగులు, నేతగాళ్లు ఆ చుట్టూ పాకలు వేసుకొన్నారు. ఆ పాకలే కాలక్రమాన చేతిపనుల పాఠశాల అయినవి, తరువాత కళాశాల, ఇప్పుడు విశ్వవిద్యాలయం. నేడు ఇక్కడ లోహపుపోత, కుండలు, అద్దకం, నేతలతో పాటు అచ్చు అక్షరాల రూపకల్పన, నాటక రంగాలంకరణ, యానిమేషన్ కూడా నేర్పుతారు. మొదటి ఏడాది ప్రతి విద్యార్థీ అన్ని పనిశాలల్లోనూ చేయి పెట్టి చూసిన తరువాతే తన శాఖను ఎంచుకొంటాడు. ఏ పనిశాల తలుపుకూ లోపలి గడియ ఉండదు. అమ్మవారికి వేళ్లు పోసిపెడతామని వచ్చిన నిపుణులను అర్చకులు ప్రసాదం పెట్టి పంపేశారు.

కార్తీకమాసపు తొలి శుక్రవారం నాడు విశ్వవిద్యాలయంలోని పెద్ద గురువు ఆ ఏడు తాను చెడగొట్టిన పనిని చేతబట్టుకొని, చెప్పులు లేకుండా హాస్టలుకు నడుస్తారు. అందరికన్నా చివర చేరిన విద్యార్థి గది తలుపు తట్టి, "నా పని చెడిపోయింది. వచ్చి చూడు" అంటారు. "ఇదే మొదలా?" అని విద్యార్థి అడగాలి. "కాదు. చాలాసార్లు" అని గురువు చెప్పాలి. అప్పుడు విద్యార్థి తాను దాచుకొన్న మొదటి చెడిన పనిని బయటికి తీస్తాడు. ఇద్దరూ కలిసి వాటిని గుడిగోడకు చేరుస్తారు.

వెలితమ్మను కొలిస్తే చేయి తిరుగుతుందని మా పెద్దలు చెప్పలేదు. చేయి తిరగాలంటే పని చేయాలి, వేరే దారి లేదు. పని చెడిన మరునాడు మళ్లీ పనిశాల గడప తొక్కే ధైర్యాన్ని మాత్రం ఈ తల్లి ఇస్తుంది. అడిగి లేదనిపించుకొన్నవారు ఇంతవరకు లేరు.